బల్ల దగ్గర లేని అధికారం: 1947–49 హైదరాబాదు మంత్రివర్గాలు, వరంగల్ అనుభవం

హైదరాబాదు సంస్థానపు చివరి ఉపప్రధాని వరంగల్ మనిషి. వడ్డేపల్లి దేశ్‌ముఖుల కుటుంబానికి చెందిన పింగిళి వెంకట్రామారెడ్డి, 1947 చివర్లో మీర్ లాయక్ అలీ ఏర్పాటు చేసిన మంత్రివర్గంలో రెండో స్థానంలో ఉన్నారు. హనుమకొండలో ఆ కుటుంబం పేరు తెలియనివారు తక్కువ. వడ్డేపల్లిలోని మహిళా కళాశాల ఇప్పటికీ ఆ పేరుతోనే నడుస్తోంది. అయినా ఏటా సెప్టెంబరు 17 దగ్గరపడగానే మొదలయ్యే చర్చల్లో ఆ మంత్రివర్గం ఊసు దాదాపు రాదు. నిజాం, రజాకార్లు, పటేల్, కమ్యూనిస్టులు అనే నాలుగు పేర్ల చుట్టూనే వాదన తిరుగుతుంది. అప్పుడు ప్రభుత్వం అనేది ఒకటి ఉండేదని, దానికి శాఖలూ మంత్రులూ ఉండేవారని, వాళ్ల సంతకాలతోనే ఊళ్లలో లెవీ ధాన్యం (రైతులు ప్రభుత్వానికి తప్పనిసరిగా ఇవ్వవలసిన వాటా) వసూలైందని, మనుషులు జైళ్లకు వెళ్లారని మరచిపోతున్నాం.

1947 నవంబరు నుంచి 1949 చివరి దాకా రెండేళ్లలో హైదరాబాదు రెండు మంత్రివర్గాలను చూసింది. వాటి మధ్య ఒక కమిటీ పుట్టి, పుట్టిన వెంటనే పోయింది. మొదటిది యుద్ధానికి సిద్ధపడటానికి ఏర్పడింది, రెండోది యుద్ధం గెలిచిన సైన్యం ఏర్పరచింది. వాటిలో ఎవరెవరు మంత్రులయ్యారన్న జాబితా చదివితే తెలిసేది కొంతే. ఏ అధికారం ఆ బల్ల దగ్గరికి రాకుండా బయటే ఉండిపోయిందో చూస్తేనే వాటి అసలు రూపం బయటపడుతుంది.

మొదటి మంత్రివర్గం పుట్టుక 1947 అక్టోబరు 27 తెల్లవారుజామున మొదలైంది. అప్పటికి ప్రధాని ఛత్తారీ నవాబు. భారత ప్రభుత్వంతో పాత ఏర్పాట్లను తాత్కాలికంగా అలాగే కొనసాగించే యథాతథ ఒప్పందం ముసాయిదాను ఢిల్లీలో ఖరారు చేసుకుని వచ్చిన ప్రతినిధి బృందం, నిజాం సంతకంతో తిరిగి బయలుదేరవలసిన రోజు అది. ముస్లిం రాజకీయ సంస్థ ఇత్తెహాదుల్ ముస్లిమీన్ అధ్యక్షుడు, దాని సాయుధ దళమైన రజాకార్ల నాయకుడు ఖాసిం రజ్వీ పిలుపుతో వేలాది మంది ఆ బృందంలోని ఛత్తారీ నవాబు, సర్ వాల్టర్ మాంక్టన్, సర్ సుల్తాన్ అహ్మద్‌ల ఇళ్లను చుట్టుముట్టారు. సంస్థానపు ప్రధాని తన ఇంటి నుంచి విమానాశ్రయానికి వెళ్లలేకపోయారు. ఛత్తారీ పదవి వదులుకున్నారు. కొత్త బృందం ఢిల్లీ వెళ్లింది, చివరికి నవంబరు 29న నిజాం సంతకం చేసిన ఒప్పందం మొదటి ముసాయిదాకు దాదాపు నకలే. అంత గొడవా చేసి ఒప్పందంలో మార్చింది ఏమీ లేదు. మారింది ప్రధాని. ఆ తెల్లవారుజాము గుంపు సాధించింది అదే, బహుశా కోరుకున్నదీ అదే.

లాయక్ అలీ రాజకీయ నాయకుడు కాదు. ఇంజనీరు, పారిశ్రామికవేత్త, ఆ ఏడాదే ఐక్యరాజ్యసమితికి వెళ్లిన పాకిస్తాన్ ప్రతినిధి బృందంలో సభ్యుడు. ఆయన మంత్రివర్గంలో విదేశీ వ్యవహారాలు చూసిన మొయిన్ నవాజ్ జంగ్ ఆయన బావమరిదే. ఇత్తెహాద్ తరఫున అబ్దుల్ రహీం ఉన్నారు. హిందువుల వైపు నుంచి పింగిళి వెంకట్రామారెడ్డితో పాటు రామాచార్, జోషి, లింగాయతుల నుంచి మల్లికార్జునప్ప, దళితుల నుంచి బి.ఎస్. వెంకట్రావు చేరారు. కాగితం మీద చూస్తే సంస్థానంలోని ప్రతి వర్గానికీ ఒక కుర్చీ ఉంది. ఖాసిం రజ్వీకి మాత్రం ఏ శాఖా లేదు. ఆయన మంత్రి కానే కాదు. మంత్రివర్గంలో చేరితే నిర్ణయాలకు జవాబు చెప్పవలసి వస్తుంది, సహచరులతో రాజీ పడవలసి వస్తుంది. బయట ఉంటే ఆ రెండు బాధ్యతలూ లేకుండా ప్రతి నిర్ణయం మీదా వీటో ఉంటుంది. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ పదవీకాలం ముగిసేలోపు రాజీ కుదర్చాలని జరిగిన ఆఖరి ప్రయత్నం విఫలం కావడంలో ఈ బయటి వీటో పనితనమే కనిపిస్తుంది. లాయక్ అలీ ఢిల్లీలో వాక్యం వాక్యం చర్చించి తెచ్చిన ముసాయిదాకు హైదరాబాదులో ఆమోదం దొరకలేదు.

ఇలాంటి కొలువులో చేరిన వాళ్లందరినీ ఒకే గాటన కట్టడం న్యాయం కాదు. స్టేట్ కాంగ్రెసు చేరలేదు. దాని నాయకుడు స్వామి రామానంద తీర్థ 1948లో ఎక్కువ భాగం జైల్లోనే గడిపారు. బి.ఎస్. వెంకట్రావు పరిస్థితి వేరు. సవర్ణ హిందువుల నాయకత్వంలోని కాంగ్రెసు దళితులకు ఏం చేస్తుందన్న అనుమానం ఆయనకు ఉత్త సాకు కాదు. ఆ ప్రభుత్వ కాలంలో దళితుల చదువు కోసం కోటి రూపాయల నిధి ఏర్పడటం వెనుక ఆయన కృషి ఉంది. జోషి కథ మరోలా నడిచింది. పర్భణి, నాందేడ్ జిల్లాల్లో రజాకార్లు చేస్తున్నది తెలిసి, దాన్ని లేఖలో రాసి మరీ రాజీనామా చేశారు. చేరడానికీ వైదొలగడానికీ ఒక్కొక్కరికి ఒక్కో కారణం ఉంది. కాని వాళ్లు లోపల ఉన్నంత కాలం వాళ్ల పేర్లు ఒక్క పనికే వాడుకలోకి వచ్చాయి: ఈ ప్రభుత్వం అందరిదీ అని ఢిల్లీకీ, ప్రపంచానికీ చూపించుకోవడానికి. 1948 ఆగస్టులో భద్రతామండలికి ఫిర్యాదు చేసిన హైదరాబాదు, మొయిన్ నవాజ్ జంగ్ బృందంలో దళిత నాయకుడు శ్యాంసుందర్‌ను కూడా పంపింది.

ఆ మంత్రివర్గం చేసిన పనులను చూస్తే అది ఎందుకు ఏర్పడిందో ఇంకా తేటగా తెలుస్తుంది. ఒప్పందంపై సిరా ఆరకముందే బంగారం, వెండి సంస్థానం దాటకుండా ఒక ఆర్డినెన్సు, భారత కరెన్సీ చెల్లదని మరొకటి వచ్చాయి. పాకిస్తాన్‌కు 20 కోట్ల రూపాయల రుణం వెళ్లింది. సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో ఆయుధాలు చేరవేశాడు. ఆర్థికం, విదేశాంగం, ఆయుధాలు అన్నీ ఒకే దిక్కుకు నడిచాయి. మిగతా శాఖల మంత్రులు ఆ దిక్కును మార్చలేకపోయారు.

ఇది హైదరాబాదుకే ప్రత్యేకమైన విషయం కాదు. జపాన్‌లో సైనిక మంత్రి పదవిని సైన్యంలోంచే నింపాలన్న నియమం ఉండేది. 1940లో సైనిక మంత్రి హతా రాజీనామా చేసి, మరొకరిని పంపడానికి సైన్యం ఒప్పుకోకపోయేసరికి యొనాయి మంత్రివర్గం కూలిపోయింది. మరుసటి ఏడాది అక్టోబరులో జనరల్ తోజో ప్రధాని అయి, సైనిక శాఖను, హోం శాఖను కూడా తన దగ్గరే పెట్టుకున్నాడు. మనకు ఇంకా దగ్గరి ఉదాహరణ 1971 పాకిస్తాన్. జనరల్ యాహ్యాఖాన్ ఢాకాలో డాక్టర్ ఎ.ఎం. మాలిక్‌ను గవర్నరుగా పెట్టి, ఆయన కింద పౌర మంత్రివర్గాన్ని నిలబెట్టాడు. అక్కడ సైన్యం మాత్రం జనరల్ నియాజీ చేతిలోనే ఉంది. డిసెంబరు 7న, అంటే యుద్ధం మొదలైన నాలుగు రోజులకు, బెంగాలీ నాయకుడు నూరుల్ అమీన్‌ను దేశానికి ప్రధానిగా ప్రకటించాడు, భుట్టో ఉపప్రధాని. తూర్పు పాకిస్తాన్‌లోని 162 స్థానాల్లో అవామీ లీగ్ 160 గెలిచిన ఎన్నికల్లో మిగిలిన రెండింటిలో ఒకటి నూరుల్ అమీన్‌ది. డిసెంబరు 14న గవర్నరు భవనం మీద భారత విమానాలు దాడి చేస్తుండగానే మాలిక్ మంత్రివర్గం రాజీనామా రాసింది. తాము ఎవరి మీద తుపాకీ ఎక్కుపెట్టారో వాళ్లలోంచే ఒకరిని ముందు కూర్చోబెట్టుకోవాలన్న తొందర, ఓటమి దగ్గరపడే కొద్దీ ఇలాంటి ప్రభుత్వాల్లో పెరుగుతుంది.

ఇక వరంగల్ వైపు వద్దాం. అప్పటి పాలన మెట్లు ఇలా ఉండేవి: హనుమకొండలో సుబేదారు, జిల్లాకు అవ్వల్ తాలూక్‌దారు, తాలూకాకు తహసీల్దారు, ఊరికి పోలీసు పటేలు, మాలీ పటేలు, పట్వారీ. సుబేదారు కాలం పోయినా హనుమకొండలో సుబేదారి అన్న పేట పేరు నిలిచే ఉంది. మంత్రివర్గం మాట ఊరి దాకా రావాలంటే ఈ మెట్లన్నీ దిగాలి. 1948 నాటికి ఆ దారి చాలాచోట్ల తెగిపోయింది. లెవీ ధాన్యం వసూలుకు తహసీల్దారు ఊళ్లోకి వస్తే వెంట పోలీసులు కావాలి, పోలీసులు రావాలంటే వెంట రజాకార్లు ఉండాలి. పటేళ్లు, పట్వారీలు చాలామంది ఊళ్లు వదిలి పట్నాలకు చేరుకున్నారు. అటు జనగామ, సూర్యాపేట ప్రాంతాల్లో సంఘం (కమ్యూనిస్టుల నాయకత్వంలోని ఆంధ్ర మహాసభ) చెప్పిందే చెల్లేది: భూమి పంచేదీ, వెట్టి ఆపేదీ, తగాదా తీర్చేదీ అదే. హైదరాబాదులో ఒక మంత్రివర్గం, పగలు ఊళ్లోకి వచ్చే రజాకారు దళం, రాత్రి వచ్చే సంఘ దళం. ఈ మూడింటిలో రైతు జీవితాన్ని అన్నిటికంటే తక్కువగా తాకింది మంత్రివర్గమే.

రెండు ఘటనలు పక్కపక్కన పెట్టి చూడాలి. 1947 సెప్టెంబరు 2న పరకాలలో జాతీయ జెండా ఎగరేయడానికి చేరిన జనం మీద కాల్పులు జరిగాయి. ఇప్పుడు అక్కడ అమరధామం ఉంది. అప్పటికి ప్రధాని ఇంకా మితవాదిగా పేరున్న ఛత్తారీ నవాబే. 1948 ఆగస్టు 27న భైరాన్‌పల్లి మీద రజాకార్లు, నిజాం బలగాలు దాడి చేశాయి. ఊరి బురుజు ఎక్కి తిరగబడిన ఆ ఊరు అంతకుముందు దాడులను తిప్పికొట్టింది. ఆ రోజు బురుజు నిలవలేదు. పట్టుబడిన వాళ్లను వరసగా నిలబెట్టి కాల్చారు. 2016 దాకా వరంగల్ జిల్లాలో ఉన్న ఆ ఊరు ఇప్పుడు సిద్దిపేట జిల్లాలోకి వెళ్లింది. అప్పటికి ఉపప్రధాని వరంగల్ వాడు. హైదరాబాదులో మితవాది ఉన్నా, వరంగల్ దేశ్‌ముఖు ఉన్నా, ఈ ఊళ్లకు వచ్చిన తుపాకీలను ఆపే శక్తి ఆ కుర్చీలకు లేదు. వెంకట్రామారెడ్డి మనసులో ఏముందన్నది ఇక్కడ ప్రశ్న కాదు. ఆయన కోరుకున్నా ఆపగలిగే మీట ఏదీ ఆయన చేతిలో లేదు. పోలీసు, ఆయుధం, ఊళ్ల మీదికి దళాలను పంపే నిర్ణయం, ఈ మూడూ ఆయన బల్ల మీదికి ఎన్నడూ రాలేదు.

1948 సెప్టెంబరు 13న భారత సైన్యం కదిలింది. ఐదు రోజులు కూడా నిండలేదు. 17న ఉదయం లాయక్ అలీ మంత్రివర్గం రాజీనామా చేసింది, సాయంత్రం నిజాం రేడియోలో లొంగుబాటు ప్రకటించారు. ఈ మధ్యలో కొత్త ప్రభుత్వాన్ని తానే నిలబెట్టుకోవాలన్న ఆఖరి ఆశతో పెద్ద కొడుకు, బేరారు యువరాజు ఆజం జా నాయకత్వంలో ఒక కమిటీని ప్రకటించారు. వరంగల్ ఆజంజాహీ మిల్లుకు పేరిచ్చిన యువరాజు ఈయనే. 18న నిజాం సైన్యాధిపతి జనరల్ ఎల్ ఎద్రూస్ మేజర్ జనరల్ జె.ఎన్. చౌదరికి లొంగిపోయాడు. యువరాజు కమిటీని ఢిల్లీ లెక్కలోకే తీసుకోలేదు. గెలిచిన సైన్యం వచ్చి కూర్చున్నాక, ఓడిన రాజు వేసిన కమిటీకి చోటెక్కడిది?

చౌదరి సైనిక గవర్నరు అయ్యారు. ఆయన ప్రభుత్వంలో ప్రధాన పౌర పాలనాధికారి బొంబాయి నుంచి వచ్చిన ఐసీఎస్ అధికారి డి.ఎస్. బాఖ్లే. డి.ఆర్. ప్రధాన్, సి.వి.ఎస్. రావు అధికారులే. సంస్థానం వైపు నుంచి నవాబ్ జైన్ యార్ జంగ్, రాజా ధోండే రాజ్ బహదూర్. ఇది లాయక్ అలీ కొలువుకు నేరుగా వ్యతిరేకమైన కూర్పు. అక్కడ వర్గానికొక ముఖం, ఇక్కడ ఫైలుకొక అధికారి. జైలు నుంచి అప్పుడే విడుదలైన స్టేట్ కాంగ్రెసు నాయకులకు ఇందులో చోటు లేదు. తెలంగాణ పల్లె నుంచి వచ్చిన మనిషి ఒక్కడూ లేడు. పనితనంలో ఇది మెరుగైన ప్రభుత్వం అనడానికి ఆధారాలు ఉన్నాయి. రజ్వీ సెప్టెంబరు 19న అరెస్టయ్యాడు, రజాకారు సంస్థ రద్దయింది, రైళ్లు మళ్లీ సజావుగా నడిచాయి. కాని జవాబుదారీతనం సంగతి అడిగితే, ఇందులోని ఏ ఒక్కరూ హైదరాబాదు జనానికి జవాబు చెప్పవలసిన పని లేదు.

అన్నిటికంటే ఆసక్తికరమైనది ఈ ప్రభుత్వపు చట్టబద్ధత. దేశాన్ని గెలిచిన సైన్యానికి చట్టం చేసే హక్కు ఎక్కడి నుంచి వచ్చింది? ఓడిన నిజాం నుంచే. 1948 సెప్టెంబరు 19న ఆయన ఒక ఫర్మానా (రాజాజ్ఞ) ద్వారా పాలనాధికారం మొత్తం సైనిక గవర్నరుకు అప్పగించారు. పాలించే అధికారంలో చట్టాలు చేసే అధికారం ఉందా అన్న ప్రశ్న ఆ తర్వాత లేచింది. దాన్ని తీర్చడానికి 1949 ఆగస్టు 7న మరో ఫర్మానా వచ్చింది: సైనిక గవర్నరుకు ఇచ్చిన అధికారంలో రెగ్యులేషన్లు చేసే అధికారం ఉంది, మొదటి నుంచీ ఉంది. ఎనిమిది రోజుల తర్వాత, ఆగస్టు 15న, జాగీర్ల రద్దు రెగ్యులేషన్ వెలువడింది. సంస్థానపు భూమిలో మూడో వంతుకు దగ్గరగా ఉన్న జాగీర్ల (శిస్తు వసూలు హక్కుతో నిజాం ఇచ్చిన భూముల) వ్యవస్థ ఆ ఒక్క సంతకంతో పోయింది. జాగీర్దారులు కోర్టుకెక్కి, నిజాం ఒత్తిడిలో ఉండి ఆ ఫర్మానాలు ఇచ్చారని వాదించారు. 1960లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. నిజాం సార్వభౌముడిగా ఇచ్చిన ఫర్మానా వెనుక ఉద్దేశాలను తాము తవ్వలేమంది. నిజాం పదవిని కొనసాగించడం వల్ల ఢిల్లీకి కలిగిన అతి పెద్ద లాభం ఇదే: తర్వాత సవాలు చేయడానికి వీల్లేని సంతకం.

జాగీర్ల రద్దు గొప్ప పనే. కాని అది ఎవరిని తాకలేదో కూడా చెప్పుకోవాలి. జనగామ ప్రాంతంలో విసునూరు రామచంద్రారెడ్డి లాంటి దేశ్‌ముఖుల బలం జాగీర్ల మీద ఆధారపడింది కాదు. వాళ్ల భూములు ఎక్కువగా శిస్తు నేరుగా ప్రభుత్వానికి చెందే దివానీ ప్రాంతంలోనివి, పట్టాల మీదివి. దొడ్డి కొమరయ్యను 1946 జూలై 4న కడవెండిలో పొట్టనబెట్టుకున్న ఆ గడీల రాజ్యాన్ని జాగీర్ల రద్దు ముట్టుకోలేదు. పైగా సైన్యం వెంట చాలామంది దొరలు ఊళ్లకు తిరిగి వచ్చి, సంఘం పంచిన భూములను లాక్కున్నారు. భూమి ప్రశ్నకు కొంత జవాబు చెప్పిన కౌలుదారీ చట్టం సైనిక గవర్నరు దిగిపోయాక, 1950లో వచ్చింది. దానికి తర్వాత చేరిన, కౌలుదారులకు యాజమాన్య హక్కు కల్పించే 38-ఇ సెక్షను కింద ఇచ్చిన సర్టిఫికెట్ల తగాదాలు వరంగల్, ఖమ్మం రెవెన్యూ కార్యాలయాల్లో దశాబ్దాల తరబడి నడిచాయి.

సైన్యం రజాకార్లను అణచిన వెంటనే సంఘం మీదికి తిరిగింది. వరంగల్, నల్లగొండ జిల్లాల్లో గాలింపులు, మూకుమ్మడి అరెస్టులు, గోదావరి వైపు అడవుల్లో కోయ గూడేలను ఖాళీ చేయించి శిబిరాల్లోకి తరలించడం, ఇవన్నీ మొదలై ఏళ్ల తరబడి సాగాయి. సైనిక గవర్నరు రెగ్యులేషన్‌తో ఏర్పడిన ప్రత్యేక ట్రైబ్యునళ్లు రైతు కార్యకర్తలకు ఉరిశిక్షలు వేశాయి. ఇంగ్లండ్ నుంచి న్యాయవాది డి.ఎన్. ప్రిట్ వచ్చి సుప్రీంకోర్టులో వాదించినా, రాజ్యాంగం అమలుకు ముందరి తీర్పుల మీద తమకు అధికారం లేదని కోర్టు 1950లో తేల్చింది. ఆ ఉరిశిక్షలు తర్వాత జీవితఖైదుగా మారాయి. పడమటి జిల్లాల్లో మరో రకం ఘోరం జరిగింది. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్‌లలో ముస్లింల మీద సాగిన హత్యాకాండను విచారించిన సుందర్‌లాల్ కమిటీ 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని అంచనా వేసింది. ఆ నివేదిక దశాబ్దాల పాటు వెలుగు చూడలేదు. శాసనసభే లేదు కనుక దాన్ని బయటపెట్టమని అడిగే సభ్యుడు కూడా లేడు.

సైనిక ప్రభుత్వం వరంగల్‌కు వదిలిన మరో గుర్తు నియామకాలు. పాలన యంత్రం ఆగిపోకుండా మద్రాసు, బొంబాయి, మధ్య పరగణాల నుంచి అధికారులను తెచ్చారు. ఉర్దూ నుంచి ఇంగ్లీషుకు, తెలుగుకు మారుతున్న కార్యాలయాలు, బడులు బయటివాళ్లతో నిండాయి. స్థానికుడికి ఉద్యోగం అన్న ముల్కీ నియమం పుస్తకాల్లోనే ఉండిపోయింది. ఆ నిర్ణయాలు తీసుకునే బల్ల దగ్గర వాటి ఫలితం అనుభవించబోయే జిల్లా మనుషులు లేరు. 1949 చివర చౌదరి దిగిపోయారు. 1950 జనవరి 26న ఐసీఎస్ అధికారి ఎం.కె. వెల్లోడి ముఖ్యమంత్రి అయ్యారు. జూన్‌లో బూర్గుల రామకృష్ణారావుతో సహా నలుగురు కాంగ్రెసు వాళ్లు మంత్రులయ్యారు. 1952 మార్చి 6న బూర్గుల నాయకత్వంలో మొదటిసారి ఎన్నికైన మంత్రివర్గం ఏర్పడింది. ఐదు నెలలు గడవకముందే, జూలైలో, స్థానికేతర ఉపాధ్యాయుల నియామకాలపై వరంగల్ విద్యార్థులు వీధుల్లోకి వచ్చారు. సెప్టెంబరు మొదటి వారానికి ఆ ఆందోళన హైదరాబాదు సిటీ కాలేజీ దాకా పాకి, పోలీసు కాల్పుల్లో ప్రాణాలు పోయాయి. శాసనసభలో దానికి నిలబడి జవాబు చెప్పవలసి వచ్చింది బూర్గుల. ఆ నియామకాల దారి తెరిచిన బాఖ్లే, చౌదరిలను ఆ సభకు పిలిచే వీలు ఎవరికీ లేదు.